దారం కట్టని చార్జరు

మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది మామూలు కవరులో పంపాను. రెండోది రిజిస్టరు చేశాను. మూడోదానిలో నా చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా మడిచి పెట్టాను. రిజిస్టరు ఉత్తరం ముట్టినట్టు సంతకం పెట్టిన కార్డు నాకు తిరిగి వచ్చింది కాబట్టి అందలేదని చెప్పడానికి వీల్లేదు. అందింది. చదివారు. జవాబు ఇవ్వడానికి నేను తగననుకున్నారు.

సంగతి ఇది. మొన్న ఎండాకాలంలో మా చండ్రుగొండలో ఒక రేడియో మెకానిక్కు చనిపోయాడు. కొన్నేళ్ల కిందట ఇక్కడ పనిచేసి బదిలీ మీద వెళ్లిన ఇంజినీరు గారు ఆయన మీద జిల్లా పత్రికలో అర పేజీ వ్యాసం రాశారు. అందులో పోయినాయన పేరు పదకొండు సార్లు ఉంది. లెక్కపెట్టాను. నా గురించి ఉన్నది ఒకటే ముక్క: ‘అప్పటికే ఒక డిప్లొమా షాపతను చేతులెత్తేసిన చార్జరును ఆయన గంటలో బాగుచేశారు.’ నాకు పేరు లేదు. డిప్లొమా షాపతను. ఈ రోడ్డు మీద డిప్లొమా ఉన్న రిపేరు షాపు ఒక్కటే కాబట్టి పేరు రాయకపోయినా ఊరంతటికీ తెలిసింది. రాసి ఉంటే కనీసం పేరు అచ్చులో పడేది.

ఇంజినీరు గారికి పంపిన మూడు ఉత్తరాల్లోనూ నేను రాసింది ఒకటే. ఆ చార్జరులో లోపం కనిపెట్టింది నేను. కొత్త సామాను తెప్పించి వేసింది నేను. ఆయన పెట్టింది చివరి అతుకు ఒక్కటి. సవరణ వేయండి. ఇంతే.

ఇది నాలుగోది అనుకోండి. ఇంజినీరు గారు చదవకపోతే పాఠకులైనా చదువుతారు. పోయినాయన పేరు మాత్రం నేను రాయను. పదకొండు సార్లు చాలు.

ఆయన పద్దెనిమిదేళ్లు నాకు ఎదురుగా కూర్చున్నాడు. మా షాపు మెట్టు నుంచి ఆయన టార్పాలిన్ దాకా ఇరవై రెండు అడుగులు. నాది సిమెంటు గది, అద్దాల కౌంటరు, రంగుల బోర్డు. ఆయనది నాలుగు కర్రలు, పైన రేకు, దాని మీద టార్పాలిన్, కూర్చోవడానికి తుక్కులో కొన్న లారీ సీటు. పొద్దున్నే నేను షట్టరు ఎత్తేసరికి అక్కడ బల్ల మీద నలుగురు ఉండేవాళ్లు. వాళ్లలో ఇద్దరు మరమ్మతుకు వచ్చినవాళ్లు కూడా కాదు, ఊరికే వచ్చినవాళ్లు. నా షాపులో ఫ్యాను ఉంది, మంచి స్టూళ్లు ఉన్నాయి. ఊరికే ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఏ సామాను తెచ్చినా ముందు వాసన చూసేవాడు. రేడియో వెనక అట్ట విప్పి, ముక్కు లోపల పెట్టి, కళ్లు మూసుకునేవాడు. “చుట్టు కాలింది” అనేవాడు. లేకపోతే “కండెన్సర్ ఉబ్బింది.” ఒకసారి ఫారెస్టు గార్డు రేడియోకు అయితే, బల్ల మీదవాళ్లకేసి తిరిగి “ఇండ్ల బల్లి సచ్చిందిరా బై, వారం అయితాంది” అన్నాడు. లోపల వెతికితే బల్లే ఉంది. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ మధ్యాహ్నం నేను షట్టరు సగం దించి ఒక రేడియోలో ముక్కు పెట్టి చూశాను. దుమ్ముకు ఏడు తుమ్ములు వచ్చాయి. ఇంకేం తెలియలేదు.

కోయగూడెం నుంచి వచ్చినవాళ్లతో కోయలో మాట్లాడేవాడు, తండావాళ్లతో లంబాడీలో, ఫారెస్టు గార్డుతో ఉర్దూలో. నాకు తెలుగూ, డిప్లొమాకు సరిపడా ఇంగ్లీషూ వచ్చు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు బొగ్గు గనుల వర్క్‌షాపులో మోటార్లు చుట్టే పనిలో ఉన్నాడట. అక్కడి మోతకు చెవులు సగం పోయాయి. అందుకని ఏ మాటైనా అరిచి చెప్పేవాడు. ‘ఈ మోటారు నీళ్లు తాగింది’ అని ఒక రైతుతో చెబితే ఆ ఊరి రైతులందరికీ చెప్పినట్టే. ఊరంతా ఆయన్ను మామ అని పిలిచేది. ముసలివాళ్లు కూడా. నేను ఒక్కసారీ పిలవలేదు.

ఆయన బల్ల మీద ఎప్పుడూ రెండు వస్తువులు ఉండేవి. ఒకటి సత్తుగిన్నె, అందులో నీళ్లు, నీళ్లలో ఒక పాత గుడ్డ. పొద్దస్తమానం ఆ గుడ్డను తీసి పిండుతూ ఉండేవాడు. మా షాపుకు టీ తెచ్చే అతనితో, “ఎదురుగా బట్టలుతికే మెకానిక్కు ఉన్నాడు చూడు” అనేవాణ్ని. అతను నవ్వేవాడు. నా మాటకు నవ్విన బహు కొద్దిమందిలో అతను ఒకడు.

రెండోది నల్ల దారపు ఉండ. బాగుచేసిన ప్రతి వస్తువుకూ, దానిలోంచి తీసిన చెడ్డ ముక్కను దారంతో కట్టి ఇచ్చేవాడు. రేడియోకు కాలిన కండెన్సరు వేలాడుతూ ఉండేది. మోటారుకు మాడిన తీగ చుట్ట. టార్చిలైటుకు తుప్పు పట్టిన స్ప్రింగు. “పోయినోన్ని కండ్లార చూసుకొని పో” అని చేతిలో పెట్టేవాడు. ముక్క మార్చకపోతే దారం ఉండేది కాదు. “దీనికి ఏం పోలే, అతుకు ఊడింది, గంతే” అని అరిచి చెప్పేవాడు. అందుకే దారం ఉందా లేదా అన్నది మా ఊళ్లో సాక్ష్యం కింద లెక్క. ఎంతో మంది ఇళ్లల్లో క్యాలెండరు మేకుకు ఆయన కట్టిన ముక్కలు వేలాడేవి. నేను బాగుచేసిన వస్తువుకు పక్కాగా అచ్చు వేసిన చీటీ ఇచ్చేవాణ్ని, ఎర్ర అక్షరాలతో. అది ఎవరి ఇంట్లోనూ మేకుకు వేలాడగా నేను చూడలేదు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. నేను బెజవాడలో డిప్లొమా చేసి, డెబ్బైల చివర ఈ షాపు తెరిచాను. తెరిచిన రోజు ఆయన రోడ్డు దాటి వచ్చాడు. గోడకు పటం కట్టించి పెట్టిన నా డిప్లొమాను చాలాసేపు చూశాడు. చదవడం రాదు. ఏదైనా మంచి మాట అంటాడని నేను నిలబడ్డాను.

“మంచిగున్నది సారు. అద్దం ఏడ కట్టించినవ్?” అన్నాడు.

“బెజవాడలో.”

“అద్దం మంచిది” అని వెళ్లిపోయాడు.

మూడేళ్లు చదివిన చదువు ఆ కాగితంలో ఉంటే, ఆయనకు కనిపించింది పైనున్న అద్దం. ఇది నేను మరిచిపోలేదు.

మా ఇంట్లో జరిగింది ఇంకా అన్యాయం. మా ఆవిడది పెనుబల్లి. తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేడియో ఒకటి గరగరలాడేది. నేను సామాన్ల కోసం ఖమ్మం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేసరికి అది వంటింట్లో గణగణ పలుకుతోంది. పక్కన మేకుకు నల్ల దారం, దారానికి ఒక ముక్క.

“ఎవరు చేశారు?” అన్నాను.

“అన్నయ్యకిచ్చానండీ.”

“ఏ అన్నయ్య? మీ అన్నయ్య పెనుబల్లిలో కదా ఉన్నాడు.”

“మీ ఎదురుగా ఉన్న అన్నయ్య.”

“నా పెళ్లాం రేడియో వాడు చేయడమేమిటి? జనం ఏమనుకుంటారు?”

“మూడు నెలల్నుంచి చూస్తా చూస్తా అంటిరిగా. జనం సంగతి తర్వాత, నాకు భక్తిపాటలు వినపడాలిగా?”

ఆ ముక్క తీసి పారేయమన్నాను. తీయలేదు. పద్నాలుగేళ్లుగా మా వంటింట్లోనే ఉంది.

ఇక చార్జరు.

తొంభైల మొదట్లో ఇంజినీరు గారు వాగు అవతల ఆరు గూడేల్లో బడులకు తలుపులూ కిటికీలూ బిగించే పని పెట్టుకున్నారు. అక్కడ కరెంటు లేదు. దుబాయిలో ఉన్న ఆయన బావమరిది తీగ లేకుండా బ్యాటరీతో తిరిగే డ్రిల్లు ఒకటి పంపాడు. చేత్తో బరమా తిప్పి తిప్పి అరచేతులు బొబ్బలెక్కిన వడ్రంగులు దాన్ని చూసి దండం పెట్టారట. రోజూ సాయంత్రం బ్యాటరీని గెస్టుహౌసుకు తెచ్చి చార్జరులో పెట్టాలి, పొద్దున్నే పట్టుకుపోవాలి. నాలుగు బడులు అయ్యాయి. రెండు మిగిలాయి. అప్పుడు చార్జరులో ఎర్రలైటు వెలగడం మానేసింది.

ఇంజినీరు గారు దాన్ని తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ముందు నా దగ్గరికే. ఈ మాట ఆయన వ్యాసంలో లేదు.

“మాస్టారూ, మీరు చదువుకున్నవారు. ఇది మామూలు రేడియో లాంటిది కాదు” అన్నారు. “వారంలో వాగు వస్తుంది. వస్తే మళ్లీ దసరా దాకా అటు పోలేం. వానలన్నీ ఆ పిల్లలు తలుపుల్లేని బడిలో తడవాలి. ఎట్లాగైనా చేయాలి.”

వెంట వచ్చిన గెస్టుహౌసు వాచ్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నేనేం ముట్టలేదు సారు. దుమ్ము పడుతదని దాని మీద తువ్వాల కప్పిన, గంతే.”

ఆ మాటతోనే నాకు సగం తెలిసిపోయింది. వేడెక్కే వస్తువు మీద మందపు తువ్వాలు. నాలుగు స్క్రూలు విప్పాను. తీగ బాగుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం మీటరు ముల్లు కదల్లేదు. ఇంకొకరైతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని అక్కడే ఆగిపోయేవాళ్లు. డిప్లొమాలో మా మాస్టారు ఒకరు చెప్పింది నాకు గుర్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టు మీది పసుపు టేపు విప్పాను. రెండు పొరల కింద, వడ్లగింజ కంటే కాస్త పెద్దది, వెండిరంగులో ఉంది. వేడికి తెగే ఫ్యూజు. చుట్టు హద్దు మీరి వేడెక్కితే తను తెగి చుట్టును కాపాడుతుంది. ఒకసారి తెగితే మళ్లీ అతకదు.

కనిపెట్టడానికి నాకు పట్టింది ముప్పావు గంట. ఆ ముప్పావు గంటా ఇంజినీరు గారు నా స్టూలు మీద కూర్చుని నా చేతులనే చూశారు. ఎదురుగా బల్ల మీద నలుగురు కూర్చుని ఇటే చూశారు. లారీ సీటు మీది మనిషి కూడా మెడ చాచి చూశాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి వాళ్లు ఇటు చూశారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ఎంత రుచిగా ఉందో మా ఆవిడతో చెప్పాను కూడా.

హైదరాబాదు బస్సు డ్రైవరుతో కొత్త ఫ్యూజు తెప్పించాను. మూడో రోజు వచ్చింది. వేసే ముందు మీటరు పెట్టి చూశాను. ముల్లు చక్కగా లేచింది. రెండు కాళ్లూ పొట్టిగా కత్తిరించి, చుట్టు తీగలకు టంకం పెట్టాను. గట్టిగా, నిండుగా, మెరిసేలా పెట్టాను. మీద పసుపు టేపు మూడు పొరలు చుట్టాను. ప్లగ్గు పెట్టాను.

ఎర్రలైటు వెలగలేదు. మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు.

అయిదు నిమిషాల ముందు పరీక్షించిన కొత్త ఫ్యూజు. అది ఎలా పోతుంది? పోదు. కాబట్టి పోయింది లోపలి చుట్టే. అలా అనుకున్నాను. ఆ చోట ఎవరైనా అలాగే అనుకుంటారని ఇన్నాళ్లూ నమ్మాను. ఇంజినీరు గారు రాగానే, “ట్రాన్స్‌ఫార్మరే పోయిందండీ. దుబాయి నుంచి వేరే చార్జరు తెప్పించుకోండి” అన్నాను.

చార్జరుకు నా ఎర్ర అక్షరాల చీటీ చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని మెట్టు దిగి, ఇరవై రెండు అడుగులు నడిచారు.

నేను అద్దం వెనక నిలబడి చూశాను. దాచను. పని మానుకుని చూశాను.

ఆయన ముందు వాసన చూశాడు. తర్వాత స్క్రూలు విప్పి, నేను చుట్టిన టేపును వేలితో నిమిరాడు. “ఎవరో మస్తు మంచిగ చుట్టిండ్రు సారు. గింత నీటుగ నేను చుట్టలేను” అని అరిచాడు. రోడ్డంతా విన్నది. వెక్కిరింపు అనుకున్నాను. టేపు విప్పాడు. వంగి చాలాసేపు చూశాడు. అప్పుడు తలెత్తి, చూపు రోడ్డు దాటించి, సూటిగా నన్ను చూశాడు. ఒక లారీ మధ్యలోంచి పోయింది. అది పోయేసరికి ఆయన చెయ్యి చొక్కా జేబులోంచి బయటికి వస్తోంది. ఆ చూపును నేను గెలిచినవాడి చూపుగా రాసిపెట్టుకున్నాను.

తర్వాత పాడైన టేప్‌రికార్డరు అడాప్టరు ఒకటి పగలగొట్టాడు. గుడ్డ పిండాడు. వంగాడు. ఆయన వీపు అడ్డం వచ్చింది, చేతులు కనబడలేదు. ఆయన తొలగేసరికి ఎర్రలైటు వెలుగుతోంది. బల్ల మీద నలుగురూ లేచి నిలబడ్డారు. ఈసారీ వెంట వచ్చిన వాచ్‌మన్ తువ్వాలు తీసి గాలిలో తిప్పాడు. “ఇగ దాన్ని మడిచి పెట్టెల పెట్టు, మళ్ల కప్పకు!” అని ఆయన వాడి మీద అరిచాడు. అందరూ నవ్వారు.

ఇంజినీరు గారు చార్జరును అటూ ఇటూ తిప్పి చూశారు. దారం లేదు. ముక్క లేదు. ఏదో అడిగారు. అప్పుడు ఆయన, ఇంజినీరు గారికి దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన గొంతు తగ్గించడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు వినపడలేదు. బల్ల మీద వాళ్లను తర్వాత అడిగాను. వాళ్లకూ వినపడలేదు.

నా వాదన అంతా ఆ దారం మీద నిలబడింది. ముక్క మారిస్తే దారం కడతాడు. దారం కట్టలేదు. కాబట్టి ముక్క మార్చలేదు. కాబట్టి నేను వేసిన ఫ్యూజే పని చేసింది, ఎక్కడో ఒక అతుకు వదులైతే ఆయన అతికించాడు. మూడు ఉత్తరాల్లోనూ ఇదే రాశాను. ఊరి సాక్ష్యమే నా సాక్ష్యం.

మర్నాడు పొద్దున ఆయన నా షాపుకు వచ్చాడు. పటం చూడడానికి వచ్చిన రోజు తర్వాత మళ్లీ అప్పుడే. చేతిలో సత్తుగిన్నె.

“సారు, ఒక్కపాలి మీ సోల్డరింగ్ ఐరన్ ఇస్తవా? మా దిక్కు కరెంట్ లేదు.”

ఇద్దరికీ ఒకే స్తంభం నుంచి కరెంటు వస్తుంది. ఆయన రేకు కింద బల్బు వెలుగుతోంది. గొప్ప చూపించుకోవడానికి వచ్చాడని తెలిసిపోయింది. అయినా ఇవ్వనంటే చులకన అవుతానని ఇచ్చాను. ఆయన నా కౌంటరు ముందే కూర్చుని పని మొదలుపెట్టాడు. జేబులోంచి మూడు కాళ్ల చిన్న ట్రాన్సిస్టరు ముక్క తీసి, గుడ్డ పిండి, దాని కాలికి చుట్టాడు. చిన్న పిల్లకు కట్టు కట్టినంత నెమ్మదిగా. కాలి చివర మాత్రం టంకం తాకించి టక్కున తీశాడు.

“ఉడుకు అతుక్కే పోవాలె సారు. సామానుకు పోవద్దు.”

ఈ మాట ఆయన రోజుకు పదిసార్లు అనేవాడు. కొట్లాడుకుని వచ్చిన అన్నదమ్ములతో కూడా అనేవాడు. సామెత అనుకునేవాణ్ని.

“నీళ్లు అద్దం మీద పడుతున్నాయి” అన్నాను.

మోచేత్తో తుడిచాడు. రెండో కాలికి గుడ్డ చుట్టాడు. ఇంకా నెమ్మదిగా. “చూసినవా సారు?”

“చూశాను. అద్దం పాడవుతోంది.”

ఆయన ఐరన్ కింద పెట్టాడు. ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. “అవ్ సారు. అద్దం మంచిది” అని, గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చనిపోయేదాకా మా మధ్య మాట లేదు. ఆయన రెండుసార్లు టీ పంపాడు. నేను రెండుసార్లూ తిప్పి పంపాను.

ఆయన పోయిన రోజు ఆ ఇరవై రెండు అడుగుల రోడ్డు మీద మనిషి పట్టలేదు. గూడేల నుంచి నడిచి వచ్చారు. నేను షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. మా ఆవిడ వెళ్లింది.

మూడో ఉత్తరం పంపిన వారానికి పోయినాయన భార్య మా షాపుకు వచ్చింది. ఆమెను నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

“దినాల నాడు ఊరంత వచ్చింది. మీరు రాలే సారు” అంది.

“నన్నెవరూ పిలవలేదమ్మా.”

“సావుకు పిలుస్తరా సారు?”

ఆమె కొంగు ముడి విప్పి చిన్న పొట్లం కౌంటరు మీద పెట్టింది. “ఆయన పొగాకు డబ్బాల ఉన్నది. మీ షాపు కాయిదం చుట్టి ఉన్నది గదా, మీదే అని తెచ్చిన.”

ఎర్ర అక్షరాల నా చీటీ. మడతల దగ్గర చిరిగింది. లోపల వడ్లగింజ కంటే కాస్త పెద్దది, వెండిరంగుది. రెండు కాళ్లూ పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. రెండు కాళ్లకూ నా టంకం. నిండుగా, మెరుస్తూ. నా చేతి పని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

“ఇంజినీరు గారికి ఆ రోజు ఏం చెప్పాడు?” అన్నాను.

“నాకేం ఎరుక సారు? ఇంటికొచ్చి చెప్పే మనిషా ఆయన? గా ఇంజినీరు సారునే అడుగు.”

ఆమె వెళ్లాక మీటరు పెట్టాను. ముల్లు కదల్లేదు. ఆ ఫ్యూజు చచ్చిపోయి ఉంది.

నేను మొండివాణ్ని. అంత తేలిగ్గా ఒప్పుకోను. అదే బస్సు డ్రైవరుతో అలాంటి ఫ్యూజులు రెండు తెప్పించాను. షట్టరు దించి, కిటికీ వెలుగులో కూర్చున్నాను. రెండింటికీ ముల్లు లేచింది. మొదటిదానికి నేను ఎప్పుడూ పెట్టినట్టే టంకం పెట్టాను, గట్టిగా, నిండుగా. మీటరు పెట్టాను. చచ్చింది. వేడికి తెగడమే దాని పని. నా ఐరన్ వేడి కాలి మీదుగా దాని ఒంట్లోకి పోయింది. అది తన పని తను చేసింది.

ఇంట్లోకి వెళ్లి పాత చీర ముక్క తడిపి తెచ్చాను. రెండోదాని కాలికి చుట్టాను. నెమ్మదిగా. చివర తాకించి టక్కున తీశాను. ముల్లు లేచింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. “అన్నయ్య కూడా ఇట్టాగే చేసేవాడు” అంది.

“నీకెలా తెలుసు?”

“ఆ గుడ్డ ఎందుకన్నయ్యా అని అడిగాను. వేడి సామానుకు పోకుండా అమ్మా అన్నాడు. మీరెప్పుడూ అడగలేదా?”

మా అటక మీద ఒక లావుపాటి ఫైలు ఉంది. హైదరాబాదు సామాన్ల షాపుకు నేను ఏళ్ల తరబడి రాసిన ఫిర్యాదుల నకళ్లు. మీరు పంపిన ట్రాన్సిస్టర్లు నకిలీవి, వేయగానే పోతున్నాయి అని. వాళ్లు ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. ఆ ఫైలు దించి దుమ్ము దులిపాను. చదవలేదు. మళ్లీ అటక మీద పెట్టాను.

చెడ్డ ముక్కను చూపించకుండా ఆయన ఏ వస్తువూ ఇవ్వలేదు. ఒక్క ఆ చార్జరు తప్ప. దారంతో కట్టి ఇచ్చి ఉంటే ఇంజినీరు గారు చూసేవారు, నలుగురూ చూసేవారు, పొద్దు గుంకేసరికి ఊరంతా చూసేది. నేనైతే కట్టేవాణ్ని. ఎర్రదారంతో కట్టేవాణ్ని. ఆయన దాన్ని జేబులో వేసుకుని, ఆ పాత అడాప్టరులోంచి తీసిన ఫ్యూజు వేసి, చెప్పకుండా నేర్పడానికి మర్నాడు పొద్దున్నే నీళ్ల గిన్నెతో వచ్చాడు. నేను అద్దం గురించి మాట్లాడాను. వాసన చూడడం, గూడెం భాషలు, జనం కూర్చునే బల్ల, మామ అన్న పిలుపు, ఇన్నింట్లో నన్ను మించింది చాలక, నోరు మూసుకోవడంలో కూడా నన్ను మించిపోయాడు. దీనికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బతికి ఉంటే వెళ్లి, ముఖాన చెప్పొచ్చు కదయ్యా అని పోట్లాడేవాణ్ని.

ఇంజినీరు గారూ, మూడు ఉత్తరాల్లో అడిగిన సవరణ వెనక్కి తీసుకుంటున్నాను. వేరే సవరణ అడుగుతున్నాను. నేను చేతులెత్తేశానని రాశారు. అది తప్పు. చేతులెత్తేసినవాడు వస్తువును ఉన్నదున్నట్టు తిరిగిస్తాడు. నేను మంచి ఫ్యూజును నా చేతులతో కాల్చి, మూడు పొరల టేపు కింద దాచి ఇచ్చాను. వేస్తే ఆ మాట వేయండి. డిప్లొమా షాపతను అని కాదు, నా పేరు పెట్టి వేయండి.

వేయకపోయినా సరే. ఒక్కదానికి మాత్రం జవాబు కావాలి. ఆ రోజు చార్జరు చేతిలోకి తీసుకుని, దారం లేకపోవడం చూసి మీరు అడిగారు. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. ఎదురు షాపాయన కాల్చాడని చెప్పాడా? అయితే నా పేరు రాయకుండా మీరూ నాకు మేలు చేసినట్టే, ఆ సంగతి నాకు తెలియాలి. లేక దీనికి ఏం పోలేదు, ఆ సారే అంతా చేశాడు, నేను అతుకు ఒక్కటి పెట్టాను అన్నాడా? అయితే జన్మంతా చెడ్డ ముక్కను దాచని మనిషి నా కోసం ఒక్క అబద్ధం ఆడాడు. మీరు దాన్ని వ్యాసంలోంచి తీసేశారు.

ఆ మాట విన్న చెవులు రెండే, అవి మీవి. స్టాంపు అంటించిన కవరు మళ్లీ పంపుతున్నాను. ఆయన ఏమన్నాడో రాయండి.